గుప్పిట తెరిచే వేళ

హైదరాబాద్ ఉప్పుగూడ స్టేషన్లో ఎంఎంటీఎస్ రైలు దిగి బస్తీలోకి నడిస్తే, సాయంత్రం పూట డాబాల మీంచి సీటీలు, అంటే ఈలలు, వినిపిస్తాయి. పావురాలను దింపే వేళ అది. పాతబస్తీలో పావురాలు ఎగరేసే కబూతర్‌బాజీ తరాల నాటి షౌక్. ఎగిరే పావురాన్ని అందరూ మెచ్చుకుంటారు. నా చూపు మాత్రం దాన్ని దింపే మనిషి చేతి మీదే ఆగిపోయింది.

నేను చూసిన పెద్దాయన పక్షులకు కడుపు నింపి ఎగరెయ్యరు. మేత ఎక్కువైన పావురానికి ఇంటి ధ్యాస ఉండదు, ఏ గోడ మీదో చతికిలబడుతుంది. గుంపు చుట్లు కొట్టి ఇటు మళ్లగానే ఆయన సీటీ కొడతారు. వాలాక కాదు, మళ్లిన ఆ క్షణానే. ఆనక డబ్బాలో జొన్నలు గలగలలాడిస్తారు. కాళ్లు డాబాకు తగిలాకే గుప్పిట తెరుచుకుంటుంది. అంత ఎత్తున ఉన్న పక్షికి గింజ అందించలేం కదా, ఆ ఎడాన్ని సీటీ పూడుస్తుంది.

కొత్త పిల్ల ఒకటి పిట్టగోడ మీద వాలి తటపటాయించింది. ఆయన అటు ఒక్క గింజ విసరలేదు. విసిరితే అది గోడ మీద కూర్చోవడమే నేర్చుకుంటుంది. కాసేపటికి గూటి ముందుకు దూకింది. అప్పుడు పడ్డాయి నాలుగు సజ్జలు, సరిగ్గా దాని ముక్కు ముందు. ఎంత ఓపిక, ఎంత గురి! ఖాళీ డబ్బా మాత్రం ఆయన ఎన్నడూ ఆడించరు. చప్పుడు వెంట గింజ రావడమే మానేస్తే చప్పుడుకు విలువ పోతుంది.

ఈ గురి లేకపోతే ఏమవుతుందో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ 1948లో చూపించాడు. ఆకలితో ఉన్న 8 పావురాలకు, అవి ఏం చేస్తున్నా సరే, కొంత సమయానికోసారి మేత అందేలా పెట్టాడు. 6 పక్షులకు వింత అలవాట్లు పట్టుకున్నాయి. ఒకటి గూట్లో గుండ్రంగా తిరిగేది, ఇంకొకటి తలను పైమూలకు పొడిచేది. మేత వచ్చినప్పుడు చేస్తున్న పనే వాటికి అంటుకుందని స్కిన్నర్ అన్నాడు. 1971లో స్టాడన్, సిమెల్‌హాగ్ ఆ ప్రయోగాన్ని మళ్లీ చేసి, ఆ వివరణ సరిపోదని వాదించారు. ఆ వాదం తేలినా తేలకున్నా, డాబా మీద పెద్దాయన గింజను ఎన్నడూ గడియారానికి వదిలెయ్యలేదు.

పాత పక్షులు దిగిన ప్రతిసారీ ఆయన గింజ వెయ్యరు. ఎప్పుడొస్తుందో తెలియని మేత అలవాటును ఎక్కువకాలం నిలుపుతుందని ఫెర్‌స్టర్‌తో కలిసి స్కిన్నర్ 1957లో పెద్ద గ్రంథంలో చూపించాడు. కొత్త పిల్లలకు మాత్రం ఏ పూటా తప్పదు, దిగినప్పుడల్లా గింజ పడుతుంది.