కాలు తియ్యి!

"ఇదేడి చెల్క మట్టి సారూ?" మొన్న బూట్లు కుట్టించడానికి తీసుకెళ్తే, మడమ మీద రెండు దెబ్బలు వేసి అడిగాడు చౌరస్తాలో చెప్పులు కుట్టే ఆయన. సందుల్లోంచి ఎర్రటి దుమ్ము రాలింది. అమెరికాదన్నాను. నమ్మలేదు. ఎలా నమ్ముతాడు, అచ్చం మా పాలమూరు చెల్కే!

కిందటి అక్టోబరులో మా అమ్మాయి కారులో యూటా రాష్ట్రపు ఎడారి పార్కులు తిరిగాం. జయాన్, బ్రైస్, క్యాపిటల్ రీఫ్, ఆర్చెస్, కేన్యన్‌ల్యాండ్స్. వారంలో ఐదు! ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పాట తెలిసిందే: కారు అద్దంలోంచి చూసింది చూసినట్టు కాదు, కాలు పెడితేనే లెక్క. ఆర్చెస్‌లో రోడ్డు పక్కన కారాపి, ఫొటో తీసుకుని, తలుపేసుకుని పోయేవాళ్లను చూసి ఒళ్లు మండింది. 1956, 57ల్లో అక్కడే రేంజరుగా పనిచేసిన ఎడ్వర్డ్ ఆబీకీ ఇదే మంట. పార్కుల్లోకి కార్లు రానివ్వొద్దని 1968లో వచ్చిన తన పుస్తకంలో గట్టిగా వాదించాడు. నాకో పెద్దన్న దొరికాడనుకున్నాను.

డెలికేట్ ఆర్చ్‌కి రానూపోనూ ఐదు కిలోమీటర్లు. నీడ లేదు, వీపున మోసిన నీళ్లే దిక్కు. కొంత దూరం పోయాక బాటే ఉండదు, ఎర్రటి బోడి బండ వాలు. రాయి మీద రాయి పేర్చిన గుర్తులుంటాయి. ఒకదాని దగ్గర నిలబడి, తర్వాతిది ఎక్కడుందో కళ్లతో వెతుక్కోవాలి. ఆ వెతుకులాటే నాకు ఆర్చ్ కన్నా నచ్చింది.

మర్నాడు ఇంకో బాటలో, ఫొటో కోసం పక్కకు దిగి రెండడుగులు వేశాను. "నాన్నా, కాలు తియ్యి!" అని అమ్మాయి కేక. పామేమో అనుకున్నా. కాదు, మట్టి. మాడిన అట్టు అంచులా నల్లగా, బొడిపెలు బొడిపెలుగా ఉంది. సైనోబ్యాక్టీరియా, నాచు, లైకెన్లు కలిసి ఇసుకను కుట్టిపెట్టిన పొర. గాలికి నేల లేచిపోకుండా ఆపేదీ, మొక్కకు నత్రజని అందించేదీ అదే. అడుగు పడి చితికితే మళ్లీ కట్టుకోవడానికి దశాబ్దాలు పడుతుంది.

మా బాపు వింటే నవ్వేవాడు. మా చెల్కలో జొన్న విత్తాక ఒక్క వాన కొట్టి ఎండ కాసిందంటే నేల అట్ట కట్టేది. కింద మొలక పైకి రాలేక మెలికలు తిరిగేది. బాపు తెల్లారకముందే ఎడ్లకు ముళ్లకంప కట్టి చేనంతా లాగించేవాడు. కంప ఎగరకుండా దాని మీద రాయి పెట్టడం నా పని. "పొర పలగాలెరా, గింజకు ఊపిరాడాలె" అనేవాడు. రెండ్రోజులకు పగిలిన చోటల్లా పచ్చటి మొనలు. నేల పొర పగలగొట్టడమే సేద్యమని నమ్మి పెరిగినవాణ్ని, అదే రంగు మట్టిలో, మా పాలమూరు వానలో సగం కూడా పడని చోట, ఒంటికాలి మీద నిలబడి ఆ కాలు ఎక్కడ దించాలో తెలియక దిక్కులు చూశాను.

ఆ పొరను తొక్కింది నడకరాయుణ్నైన నేనే. రోడ్డు దిగనివాళ్లు దాన్ని ముట్టనైనా లేదు. తలుపేసుకుని పోయేవాళ్ల మీద మంట ఆ పూటతో చల్లారింది. పెద్దన్న ఆబీ ఉంటే ఒప్పుకోడనుకోండి.

నా తొమ్మిదో నంబరు బూటు ముద్ర అక్కడ ఇంకా ఉండే ఉంటుంది.

"కుట్టు గట్టిగేసిన సారూ, ఇంకో పదేండ్లు ఎక్కడ్నన్న తిరుగుండ్రి" అన్నాడాయన, డెబ్బై రూపాయలు తీసుకుంటూ.