బొమ్మల రణరంగం: కాటమరాజు కథాప్రదర్శన – నమోదులో లోపించినది

1. ప్రవేశిక

యుద్ధాలను చిన్న బొమ్మలతో బల్లమీద నడిపే క్రీడను మినియేచర్ వార్‌గేమ్ అంటారు. సైనికాధికారుల శిక్షణకోసం ప్రష్యాలో రైస్‌విట్జ్ రూపొందించిన యుద్ధక్రీడ నియమాలు 1824లో వెలువడ్డాయి. 1913లో హెచ్.జి. వెల్స్ ‘లిటిల్ వార్స్’ రాసి ఇలాంటి ఆటను ఇళ్లలోకి తెచ్చాడు. 1965లో బ్రిటన్‌లో ఏర్పడిన ‘సొసైటీ ఆఫ్ ఏన్షెంట్స్’ ప్రాచీన, మధ్యయుగ యుద్ధాలకే పరిమితమై ‘స్లింగ్‌షాట్’ అనే పత్రికను నడుపుతోంది.

బొమ్మలతో పాతయుద్ధాన్ని కళ్లముందు నిలపడం తెలంగాణకు కొత్త కాదు. గొల్లలను ఆశ్రయించిన మందెచ్చులు కాటమరాజు కథను బొమ్మల సాయంతోనే చెబుతారు. ఈ రెండు సంప్రదాయాలను పక్కపక్కన ఉంచి చూస్తే మన జానపద పరిశోధన ఏది భద్రపరచిందో, ఏది వదిలేసిందో తేటపడుతుంది. మనం కథను నమోదు చేశాం, బొమ్మను భద్రపరచాం; బొమ్మ కదలికను మాత్రం వదిలేశాం. ఈ వ్యాసం వాదన ఇదే.

2. బొమ్మ, కథ, మేత

కాటమరాజు కథాచక్రానికి కేంద్రం 13వ శతాబ్దికి చెందినదిగా భావించే ఎర్రగడ్డపాటి యుద్ధం. యాదవవీరుడు కాటమరాజు మందలను నెల్లూరు సీమ బీళ్లకు తోలుకొనిపోవడం, మేతకు చెల్లించవలసిన పుల్లరిపై తగవు రావడం, అది యుద్ధంగా ముదరడం ఇందులోని ప్రధానాంశాలు. ఖడ్గతిక్కన నేలకొరిగినది ఈ యుద్ధంలోనే. ఈ కథలను తంగిరాల వెంకటసుబ్బారావు సేకరించి పరిష్కరించారు.

ఈ కథ చెప్పే మందెచ్చులకు బొమ్మలు చేసి ఇచ్చేవారు చేర్యాల నకాషీ చిత్రకారులు. తేలికకర్రను చెక్కి, రంపపుపొట్టును చింతగింజల జిగురుతో కలిపి మెత్తి, ఆరిన తర్వాత రంగులు వేస్తారు. పాత్ర వచ్చినప్పుడల్లా కథకుడు దాని బొమ్మను సభముందుకు తెస్తాడు. సభకు ఆ బొమ్మ ఆటవస్తువు కాదు. అది పూర్వీకుడు, దేవత.

ఉత్తర తెలంగాణకు ఈ కథావస్తువు దూరమైనది కాదు. గోదావరి, ప్రాణహిత తీరాల చెన్నూరు ప్రాంతంలో గొర్రెలకాపరికి మేత నేటికీ బతుకు ప్రశ్నే. 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన కుమ్రం భీం పోరాటంలోనూ అడవిమీద, మేతమీద హక్కు ముఖ్యాంశమే. మేతకోసం జరిగిన యుద్ధాన్ని బొమ్మలతో చూపడం ఇక్కడి శ్రోతకు కేవలం వినోదం కాదు.

3. తెరిచిన ముగింపు, తెరిచిన కారణం

వార్‌గేమ్‌లో ముగింపు తెరిచి ఉంటుంది. చరిత్రలో ఓడినవాడు బల్లమీద గెలవవచ్చు. 1990లో వెలువడిన ‘డి.బి.ఏ.’ నియమావళిలో ఇరుపక్షాలకూ పన్నెండేసి దళాలు ఉంటాయి. ప్రతి వంతులోనూ ఎన్ని దళాలను కదపవచ్చో పాచిక చెబుతుంది. ఆట న్యాయంగా సాగాలంటే ఈ సమతూకం తప్పదు. అయితే యుద్ధం ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు ఆ బల్లమీద చోటు లేదు.

మందెచ్చుల కథలో ఇది తలకిందులవుతుంది. ఎవరు పడిపోతారో సభకు ముందే తెలుసు. పుల్లరి అడగడం న్యాయమా, ఎగవేయడం ధర్మమా, మాట తప్పినది ఎవరు అన్న విచారణకే అక్కడ ప్రాణం. మందకాపరికీ రాజుకూ మధ్య అసమానతే కథకు మూలం. దానిని పన్నెండేసి దళాలుగా సమం చేస్తే కథే మిగలదు. కనుక వార్‌గేమ్‌ను తెచ్చి మన కథపై రుద్దాలని ఈ వ్యాసం కోరడం లేదు. నేర్చుకోవలసినది దాని ఆటను కాదు, దాని నమోదు పద్ధతిని.

4. నమోదులోని ఖాళీ

వార్‌గేమ్ ఆటగాడు రాసే యుద్ధనివేదికలో దళాల తొలి అమరిక, నేల స్వరూపం, వంతులవారీ కదలికలు, నిర్ణాయక ఘట్టం ఉంటాయి. సొసైటీ ఆఫ్ ఏన్షెంట్స్ నిర్వహించే ‘బ్యాటిల్ డే’లో ఒకే చారిత్రక యుద్ధాన్ని ఒకేరోజు వేర్వేరు నియమావళులతో ఆడి ఫలితాలను పోల్చుతారు. తెలుగు పరిశోధకుడికి ఇది వెంటనే పాఠాంతర పరిశీలనను గుర్తుచేస్తుంది.

మన పరిష్కర్తలు పాఠాంతరాలను శ్రద్ధగా గుర్తించారు. కానీ అవి పదాల పాఠాంతరాలు. పల్నాటి వీరకథపై జీన్ రోగేర్ 1982లో ప్రచురించిన గ్రంథం గాయకుడి ప్రదర్శనను ఆధారం చేసుకొని మౌఖికతకు గౌరవం ఇచ్చింది. మందెచ్చుల కథకు అంతకంటే ఒక అడుగు ముందుకు వెళ్లాలి, ఎందుకంటే ఇక్కడ పాఠం నోటిలోనే కాదు, చేతిలోనూ ఉంది. ఏ బొమ్మ ముందు వచ్చింది? ఏది దేనికి ఎదురుగా నిలిచింది? వీరుడు పడినప్పుడు అతని బొమ్మను పడుకోబెట్టారా, పెట్టెలోకి చేర్చారా, అలాగే ఉంచారా? పాఠం ఒకటే అయినా ఈ సమాధానాలు మారితే అర్థం మారుతుంది. పడినవాడి బొమ్మ చివరిదాకా నిలిచి ఉంటే అతడు దేవుడైనట్టు. పెట్టెలోకి వెళ్తే కథనుంచి తప్పుకొన్నట్టు. ముద్రితపాఠం ఈ భేదాన్ని చెప్పలేదు.

బొమ్మలను విడిగా కొని గాజుపెట్టెలో పెట్టడం ఈ నష్టాన్ని పెంచుతుంది. వరుస తెలియని బొమ్మల గుంపు అలంకారమే అవుతుంది. రంగు వెలిస్తే మళ్లీ వేయవచ్చు. కథకుడితో పోయిన వరుసను తిరిగి కట్టడం సాధ్యం కాదు.

5. ముగింపు

ప్రదర్శనను నమోదు చేసేవారు కథకుడి ముఖంతోపాటు అతని చేతులనూ, బొమ్మలున్న చోటునూ చిత్రీకరించాలి. ప్రతి బొమ్మకూ సంఖ్య ఇచ్చి, ప్రవేశం, స్థానం, నిష్క్రమణలను పాఠంలోని చరణాలతో జతపరచాలి. ఒకే ఘట్టాన్ని ఇద్దరు కథకులు చెప్పినప్పుడు ఈ వివరాలను పోల్చాలి. ఇందుకు పెద్ద యంత్రాంగం అక్కరలేదు. ఒక కెమెరా, ఒక పట్టిక, కథకుడి అనుమతి, అతని శ్రమకు తగిన ప్రతిఫలం చాలు. ఊహాయుద్ధంలో ఒక దళం ఎటు జరిగిందో రాసిపెట్టుకొనేవారు ఉన్నారు. ఒక కులం తన పూర్వీకులుగా కొలిచే బొమ్మలు ఎలా కదిలాయో రాసిపెట్టడం తెలుగు పరిశోధన బాధ్యత.