ఏనుగు వీపు చాలు

ఇల్లు కట్టించుకునేవాళ్ళతో స్థలం చూడ్డానికి వెళ్తే గేటు దగ్గరే జంతువు ఎదురవుతుంది. ముందు సన్నగా, వెనక వెడల్పుగా ఉంటే గోముఖం, ఇంటికి మంచిది. ముందు వెడల్పుగా, వెనక సన్నగా ఉంటే సింహముఖం, కొట్టుకు పనికొస్తుంది. ముప్ఫై ఏళ్ళుగా ఈ మాటలు వింటున్నాను. ఏ స్థలంలోనూ నాకు ఆవూ కనపడలేదు, సింహమూ కనపడలేదు. కనపడిందల్లా పక్కవాడి ప్రహరీ. అయినా మాట బాగుంటుంది. టేపు పట్టకుండానే స్థలం ఆకారం ఎవరికైనా తెలిసిపోతుంది.

జంతువు మాటలో ఉన్నంతసేపూ నాకు పేచీ లేదు. అది గోడ ఎక్కి కూర్చున్నప్పుడే వస్తుంది చిక్కు.

హైదరాబాద్‌లో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద వెళ్ళినవాళ్ళు చేప బిల్డింగ్ చూసే ఉంటారు. జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు కార్యాలయం అది, 2012లో మొదలైంది. ఒళ్ళంతా స్టీలు రేకు, రెండు కళ్ళు, రెక్కలు, తోక. చేపల ఆఫీసు కాబట్టి చేప. మొదటిసారి చూసినప్పుడు నవ్వొచ్చింది. ఈ లెక్కన విద్యుత్ శాఖకి బల్బు, రవాణా శాఖకి బస్సు కట్టాలి కదా అని తోటివాళ్ళతో జోకులు కూడా వేశాను.

ఇలాంటి కట్టడాలకు మా వృత్తిలో ‘బాతు’ అని ఒక పేరుంది. అమెరికాలో లాంగ్ ఐలాండ్ మీద 1931లో బాతులు పెంచే ఒక రైతు కాంక్రీటుతో పెద్ద బాతు కట్టించి, దాని కడుపులో కొట్టు పెట్టుకున్నాడు. బాతులూ గుడ్లూ అమ్మేవాడు. కారు వెనక లైట్లు తెచ్చి దానికి కళ్ళుగా పెట్టాడు. వెంచూరి, స్కాట్ బ్రౌన్, ఐజెనోర్ అనే ఆర్కిటెక్టులు 1972లో లాస్ వెగాస్ గురించి రాసిన పుస్తకంలో ఆ బాతును ఉదాహరణగా తీసుకున్నారు. అప్పటినుంచి సరుకు ఆకారంలోనే కట్టిన బిల్డింగ్ ఏదైనా మాకు బాతే. మన చేప కూడా బాతే.

చేప బిల్డింగ్‌కి స్ఫూర్తి అని చాలామంది చెప్పేది ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ గెహ్రీ చేపని. ఒలింపిక్స్ జరిగిన 1992లో బార్సిలోనా సముద్రపు ఒడ్డున పెట్టిన లోహపు చేప అది. గెహ్రీ చిన్నప్పుడు వాళ్ళ అమ్మమ్మ బజారు నుంచి బతికున్న కార్ప్ చేప తెచ్చి స్నానాల తొట్టిలో వదిలేదట. వండేదాకా పిల్లవాడు దాన్నే చూస్తూ కూర్చునేవాడట. ఆ చేప ఆయన్ని జీవితమంతా వదల్లేదు. అయితే ఆయన ఒక పని చేశారు. చేప బొమ్మకు తల తీసేసి చూశారు, తోకా తీసేసి చూశారు. కదలిక మాత్రం మిగిలే ఉంది. బార్సిలోనా చేప వంపుల్ని లెక్కకట్టడానికి విమానాల తయారీలో వాడే కాటియా సాఫ్ట్‌వేర్ తెచ్చుకున్నారు. 1997లో బిల్బావోలో గుగెన్‌హైమ్ మ్యూజియం కట్టినప్పుడు ఆ పనితనమే అక్కరకొచ్చింది. టైటానియం రేకులు పొలుసుల్లా మెరుస్తాయి. చేప ఎక్కడుందని వెతికితే దొరకదు.

అదే 1997లో బ్యాంకాక్‌లో ఏనుగు బిల్డింగ్ లేచింది. మూడు టవర్లను పైన కలిపి కళ్ళు, చెవులు, దంతాలు అన్నీ తగిలించారు. ఏమీ వదల్లేదు, చూసేవాడికి ఊహించుకునే పనీ మిగల్చలేదు.

అహ్మదాబాద్‌లో బాలకృష్ణ దోషీ చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ కోసం కట్టిన గుఫా అనే గ్యాలరీ దగ్గర నాకు ఈ తేడా చేతికి తగిలింది. తాబేలు డిప్ప తనకు స్ఫూర్తి అని దోషీ చెప్పుకున్నారు. దానికి తల లేదు, కాళ్ళు లేవు. నేలలోంచి ఉబ్బిన గుమ్మటాలు, వాటి మీద పగిలిన పింగాణీ ముక్కలు. ఎండలో వాటి మీద చెయ్యి పెట్టాను. మన డాబా గచ్చు కాలినంత కాలలేదు. తెల్లటి పింగాణీ ఎండను తిప్పికొడుతుంది మరి. లోపలికి దిగితే చెట్ల బోదెల్లాంటి వంకర స్తంభాలు, గోడల మీద హుస్సేన్ గీసిన బొమ్మలు. పై కప్పు ఫెర్రోసిమెంటు. పల్చటి పెంకు వంపు తిరిగితే దాని బరువు అదే మోసుకుంటుంది. తాబేలు దగ్గర దోషీ తీసుకుంది అదొక్కటే. ఫ్రాన్స్‌లోని రాన్‌షాంప్ ప్రార్థనాలయం కప్పుకి లె కార్బూజియే పీత డిప్పనుంచి తీసుకున్నదీ దాదాపు అలాంటిదే.

చెదపుట్ట సంగతి వేరు. హరారేలో మిక్ పియర్స్ చెదపుట్ట స్ఫూర్తితో 1996లో కట్టిన ఈస్ట్‌గేట్ సెంటర్‌లో మామూలు ఏసీలు లేవు. రాత్రి చల్లగాలిని కాంక్రీటు అంతస్తుల్లోకి లాగి, పగలు ఆ చల్లదనాన్ని వాడుకుంటుంది. దీని గురించి ఎక్కడో చదివిన ఒకాయన విజయవాడలో తన ఆఫీసు కూడా అలాగే కట్టమన్నారు. ‘‘హరారేలో రాత్రి చలేస్తుందండీ, మన దగ్గర మే నెలలో రాత్రి కూడా చెమటే’’ అన్నాను. ఆయనకి నచ్చలేదు. పని ఇంకొకరికి వెళ్ళింది. తమాషా ఏమిటంటే, పుట్ట లోపల గాలి ఆడే తీరు పియర్స్ అనుకున్నట్టు ఉండదని తర్వాత పరిశోధకులు తేల్చారు. పుట్ట పొగగొట్టంలా కాదు, ఊపిరితిత్తిలా పనిచేస్తుందన్నారు. తప్పుగా అర్థం చేసుకున్న చెదపురుగు మంచి బిల్డింగ్‌నే ఇచ్చింది.

మన శిల్పుల పద్ధతి నాకు వీటన్నిటికన్నా నచ్చుతుంది. గుడి గోడ మీద వంగి దిగే చూరుని వాళ్ళు కపోతం అంటారు. పావురం ముక్కూ ఉండదు, రెక్కా ఉండదు, మెడ కింది ఉబ్బు మాత్రం ఉంటుంది. వెనక భాగం అర్ధచంద్రంలా తిరిగిన గుడిని గజపృష్ఠం అన్నారు. అంత పెద్ద ఏనుగులో తొండం వద్దనుకుని, దంతాలు వద్దనుకుని, వీపు ఒక్కటే ఉంచుకున్నారు.

చేప బిల్డింగ్ మీద నా అభిప్రాయం మాత్రం కొంచెం మెత్తబడింది. మొన్న అటువైపు పని పడి ఆటో ఎక్కాను. వెళ్ళాల్సిన చోటు చెప్పడానికి నేను తడుముకుంటుంటే డ్రైవరే, ‘‘చేప బిల్డింగ్ కాడనా సార్?’’ అన్నాడు. నేను కట్టిన అద్దాల డబ్బాల్లో ఒక్కదాన్ని కూడా ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. అలాగని తల, తోక లేకుండా ఉంటే ఇంకా మంచి బిల్డింగ్ అయ్యేదని అనుకోవడం మానలేదు.

పల్నాడు జిల్లా నకరికల్లు మండలం చేజెర్లలో కపోతేశ్వరుడి గుడి ఉంది. పావురం కోసం ఒళ్ళు కోసిచ్చిన శిబి చక్రవర్తి కథ చెబుతారు అక్కడ. పాత ఇటుక కట్టడం. దేవుడిది పావురం పేరు, గుడిది ఏనుగు వీపు. దర్శనం చేసుకుని అలాగే బయటికి వచ్చేయకండి. ప్రదక్షిణలో గర్భగుడి వెనక, మూల తిరగాల్సిన చోట మూల లేకుండా పోయే దగ్గర, కాసేపు ఆగండి.