డిస్కు మనది, మెషీన్ ఎవరిదైనా సరే

సొంత కంప్యూటర్ లేకుండా కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలుంటారా అని అడిగేవాళ్లు ఒక్కసారి మేడ్చల్ రావాలి. మైసమ్మగూడ, కండ్లకోయ, గుండ్లపోచంపల్లి... అడుగడుగునా ఇంజినీరింగ్ కాలేజీయే. కామారెడ్డి, గజ్వేల్, సిద్దిపేట వైపు పల్లెల నుంచి వచ్చి ఇక్కడి హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్న పిల్లలకు పగలు ల్యాబ్‌లో ఒక మెషీన్, రాత్రి రూమ్మేట్ నిద్రపోయాక అతని ల్యాప్‌టాప్, దసరాకి ఊరెళ్తే అన్న వాడి వదిలేసిన డెస్క్‌టాప్. మూడింట్లో మూడు రకాల సాఫ్ట్‌వేర్. పొద్దున ల్యాబ్‌లో నడిచిన ప్రోగ్రామ్ రాత్రి రూములో కంపైల్ కాదు. నేర్చుకోవాల్సిన గంటలో సగం, కావాల్సినవి మళ్లీ ఎక్కించుకోవడానికే పోతుంది.

ఆదివారం పూట ఇక్కడి పిల్లలకు లినక్స్ నేర్పుతుంటాను. ల్యాప్‌టాప్ కొనలేనని చిన్నబోయినవాడికి నేను చెప్పే మాట ఒకటే. ముందు డిస్కు సంపాదించుకో బేటా, మెషీన్ సంగతి తర్వాత చూద్దాం. పాడైన ల్యాప్‌టాప్‌లోంచి తీసిన రెండున్నర అంగుళాల హార్డ్‌డిస్కు, దానికో యూఎస్‌బీ కేసింగ్ ఉంటే పని మొదలవుతుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక పూట తిరిగితే రెండూ దొరుకుతాయి. నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టగలిగితే ఎస్ఎస్‌డీయే తీసుకోమంటాను. బస్సు కుదుపులకు తట్టుకుంటుంది, తిరిగే పళ్లెం లేదు కాబట్టి కరెంటూ తక్కువే తాగుతుంది.

పెన్‌డ్రైవ్ మీద లైవ్ లినక్స్ చాలదా అని అడుగుతారు. ఆ దారి వేసినవాళ్లలో పెద్దపేరు జర్మనీ ఇంజినీరు క్లౌస్ క్నోపర్‌ది. 2000లో ఆయన తెచ్చిన క్నాపిక్స్ సీడీ పెడితే చాలు, హార్డ్‌డిస్కును ముట్టుకోకుండానే లినక్స్ లేచి కూర్చునేది. కానీ కంప్యూటర్ ఆపగానే చేసిందంతా మరిచిపోయేది. పాడైన మెషీన్‌ను పరీక్షించడానికి అది గొప్ప సాధనం. చదువుకునే పిల్లకి కావాల్సింది మాత్రం నిన్న ఎక్కడ ఆపిందో గుర్తుపెట్టుకునే సిస్టమ్. అందుకే నేను లైవ్ కాకుండా, బయటి డిస్కు మీద పూర్తి ఇన్‌స్టలేషన్ చేయిస్తాను.

ఇన్‌స్టాల్ చేయడం పెద్ద విద్య కాదు. అసలు విద్య తర్వాత మొదలవుతుంది. "రూములో మంచిగ నడిచింది సార్, ల్యాబ్‌ల పెడితే అసలు కనపడ్తలేదు" అని పిల్లలు వచ్చి నిలబడతారు. ఈ ఫిర్యాదు నాకెంతో ఇష్టం. ఆ డిస్కు మనకు తెలియకుండా ఎక్కడెక్కడ పాత మెషీన్‌ను పట్టుకుని వేలాడుతోందో వెతకడానికి అక్కణ్నుంచే దారి దొరుకుతుంది.

మొదట చూడాల్సింది బూట్‌లోడర్, అంటే సిస్టమ్‌ను లేపే ప్రోగ్రాము. ఉబుంటు లినక్స్ పాత ఇన్‌స్టాలర్‌లో ఏళ్ల తరబడి ఒక లోపం ఉండేది. బూట్‌లోడర్‌ను బయటి డిస్కు మీద పెట్టమని ఎంచుకున్నా, యూఈఎఫ్ఐ (కొత్తరకం బయోస్) ఉన్న మెషీన్లలో అది లోపలి డిస్కులోని ఈఎఫ్ఐ విభాగంలోకే వెళ్లి కూర్చునేది. ఇంటికి తాళం వేసి చెవి పక్కింటి గూట్లో పెట్టి ఊరెళ్లినట్టు. ఆ డిస్కు ఇంకెక్కడా లేవదు. అంతకన్నా ఘోరం, డిస్కు పీకేశాక రూమ్మేట్ ల్యాప్‌టాప్ విండోస్‌కు పోకుండా నల్లటి తెర మీద ఆ బూట్‌లోడర్ పేరు గ్రబ్ అని చూపించి ఆగిపోతుంది. స్నేహాలు చెడేది ఇక్కడే. అందుకే డెస్క్‌టాప్ అయితే లోపలి డిస్కు కేబుల్ తీసేసి, ల్యాప్‌టాప్ అయితే వీలున్నచోట బయోస్‌లో దాన్ని ఆపేసి, అప్పుడే ఇన్‌స్టాల్ మొదలుపెట్టమంటాను. ఇన్‌స్టాలర్‌కు ఒకే డిస్కు కనిపిస్తే పొరపాటుకు తావే ఉండదు.

బూట్‌లోడర్ సరైన చోటే ఉన్నా ఇంకో ముడి మిగిలి ఉంటుంది. యూఈఎఫ్ఐలో ఏ సిస్టమ్‌ను లేపాలన్న చిట్టా మదర్‌బోర్డు జ్ఞాపకంలో ఉంటుంది, డిస్కులో కాదు. ఉబుంటు ఫలానా చోట ఉందని రూములోని ల్యాప్‌టాప్‌కు తెలుసు, ల్యాబ్ మెషీన్‌కు తెలియదు. ముక్కూమొహం తెలియని డిస్కు వచ్చినప్పుడు ఏ మెషీనైనా వెతికే చోటు ఒకటుంది. ఈఎఫ్ఐ అనే ఫోల్డరు, దానిలో బూట్ అనే ఫోల్డరు, అందులో బూట్‌ఎక్స్64 అనే ఫైలు. గ్రబ్‌ను ఆ చోట పెట్టాలంటే గ్రబ్-ఇన్‌స్టాల్ ఆదేశానికి రిమూవబుల్ అన్న మాట తగిలిస్తే సరి. డెబియన్ లినక్స్‌ను ఎక్స్‌పర్ట్ పద్ధతిలో ఎక్కిస్తే, గ్రబ్‌ను ఆ చోట కూడా పెట్టాలా అని అదే అడుగుతుంది. చాలామంది చదవకుండా దాటేస్తారు. ఆగి 'అవును' అనాల్సిన ప్రశ్న అది.

ఊళ్లోని పాత డెస్క్‌టాప్‌కు యూఈఎఫ్ఐ ఉండకపోవచ్చు. పాత బయోస్ డిస్కులోని మొదటి 512 బైట్లు మాత్రమే చదువుతుంది, అందులో ప్రోగ్రాముకు దక్కేది 446. మిగతాది విభాగాల పట్టిక, చివర రెండు బైట్ల ఆనవాలు. డిస్కును జీపీటీ పద్ధతిలో విభజించి, ఈఎఫ్ఐ విభాగంతో పాటు ఒక్క మెగాబైటు బయోస్ బూట్ విభాగం కూడా ఉంచి గ్రబ్‌ను రెండు రకాలుగానూ ఎక్కిస్తే, అదే డిస్కు పాత మెషీన్ మీదా కొత్త మెషీన్ మీదా లేస్తుంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. టీపీఎం 2.0 లేని మెషీన్లు విండోస్ 11 నిబంధనలకు సరిపోవు. అలాంటివి ఇక్కడి ఇళ్లలో, దుకాణాల్లో ఎన్నో ఉన్నాయి, అవన్నీ ఇలాంటి డిస్కు కోసం చూస్తున్న మెషీన్లే.

ఇక నాకు అన్నిటికన్నా అందంగా కనిపించే ఘట్టం. గ్రబ్ కెర్నల్‌ను, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అనే చిన్న మూటను మెమరీలోకి తెచ్చేదాకా డిస్కును చదివిపెట్టేది మెషీన్ ఫర్మ్‌వేరే. కెర్నల్ పగ్గాలు అందుకున్న క్షణం ఆ సాయం ఆగిపోతుంది. తాను దిగివచ్చిన డిస్కునే కెర్నల్ మళ్లీ తన కళ్లతో వెతుక్కోవాలి. యూఎస్‌బీ కంట్రోలర్ డ్రైవరు, యూఎస్‌బీ-స్టోరేజ్, కొత్త కేసింగ్ అయితే యూఏఎస్... ఇవన్నీ కెర్నల్‌లోనో ఆ మూటలోనో ఉండాలి. డిస్కులోనే ఉంటే లాభం లేదు, డిస్కును తెరవడానికే అవి కావాలి కదా! ఫెడోరా లినక్స్ ఈ మూటను ఆ మెషీన్‌కు సరిపోయేంత చిన్నగా కడుతుంది. వేగానికి మంచిదే, ఊళ్లు తిరిగే డిస్కుకు మాత్రం పనికిరాదు. ఫెడోరా మెనూలో కిందుండే రెస్క్యూ వరుస పరాయి మెషీన్ మీద కూడా లేస్తుంటుంది, ఎందుకంటే దాని మూట అన్ని మెషీన్లనూ దృష్టిలో పెట్టుకుని కట్టింది. డెబియన్ మామూలుగానే చాలా డ్రైవర్లను మూటలో పెడుతుంది, మొదటిసారి చేసేవాళ్లకు నేను దాన్నే చెప్పడానికి సగం కారణం అదే.

అన్నీ ఉన్నా కొన్నిసార్లు డిస్కు తిరగడం అందుకునేలోపే కెర్నల్ వెతికి, లేదనుకుని వదిలేస్తుంది. కెర్నల్‌కు ఇచ్చే ఆదేశాల వరుసలో రూట్‌డిలే పది అని రాస్తే పది సెకన్లు ఓపిక పడుతుంది. పేరు గొడవ ఇంకొకటి. రూములో ఎస్‌డీబీ అనే పేరు వచ్చిన డిస్కు, లోపలి డిస్కు వేరే రకమైనదున్న మెషీన్ మీద ఎస్‌డీఏ అవుతుంది. వరుసను బట్టి వచ్చే ఆ పేర్లను ఎక్కడా రాయకూడదు. ప్రతి విభాగానికీ యూయూఐడీ అనే తనదైన గుర్తు ఉంటుంది. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లోనూ గ్రబ్‌లోనూ అదే ఉండాలి.

పోర్టు సంగతి కూడా చూసుకోవాలి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు, 3.0 అయితే 900. ల్యాబ్ డెస్క్‌టాప్ ముందువైపు పోర్టులో డిస్కు టిక్కుటిక్కుమని లేవలేకపోతే వెనకవైపు నీలిరంగు పోర్టులో పెట్టి చూడాలి. ఎండాకాలం సాయంత్రాల్లో ఇటువైపు కరెంటు ఎగిరిపోవడం మామూలే, యూపీఎస్ లేని మెషీన్ మీద పరీక్షకు ముందురోజు పని పెట్టుకోవద్దు. వీటన్నిటికన్నా ముందు, ల్యాబ్ మెషీన్‌ను బయటి డిస్కుతో లేపడానికి ఇన్‌ఛార్జ్ సార్ అనుమతి అడగాలి. బయోస్‌కు పాస్‌వర్డ్ ఉందంటే దానికో కారణముంటుంది. అడిగితే ఇచ్చినవాళ్లనే నేను ఎక్కువగా చూశాను.

తెలుగులో లినక్స్ ఉండాలని స్వేచ్ఛ సంస్థ 2005 నుంచి పనిచేస్తోంది. తెలుగు మెనూలు, తెలుగు కీబోర్డు పెట్టుకున్న డిస్కు మన పిల్ల జేబులో ఉంటే, మెషీన్ శామీర్‌పేట హాస్టల్లోదైనా సిద్దిపేట ఇంట్లోదైనా తెర మీద తన భాషే కనిపిస్తుంది. అది నాకు చిన్న విషయంగా తోచదు. ఎవరి మెషీన్ ముందో బెరుకుగా కూర్చునే పిల్ల, తన డిస్కు లేచాక కుర్చీ ముందుకు లాక్కుని కూర్చోవడం నేను కళ్లారా చూశాను.

చేత్తో తిరిగేది చేజారిపోతుంది కూడా. బస్సు సీట్లో మరిచిపోయినా పరాయివాళ్లు తెరవకుండా, ఇన్‌స్టాల్ చేసేటప్పుడే లక్స్ ఎన్‌క్రిప్షన్ పెట్టుకోవాలి. పాస్‌వర్డ్ మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలి, అది అడిగే సమయానికి తెలుగు కీబోర్డు ఇంకా లేచి ఉండదు. రెండో డిస్కు మీదికి నకలు తీసి ఇంట్లో ఉంచుకోవాలి. డీడీ ఆదేశంతో మొత్తం దించితే యూయూఐడీలు కూడా యథాతథంగా దిగుతాయి. అసలునూ నకలునూ ఒకేసారి ఒకే మెషీన్‌కు తగిలిస్తే, కెర్నల్ ఏ డిస్కును తెరుస్తుందో చెప్పలేం. నకలు తీసిన వెంటనే ఒకదాన్ని పీకేసి, రెండోదాన్ని ఒంటరిగా లేపి చూసుకోవాలి. లేస్తేనే అది నకలు.