చేయి ఎక్కడ వేయాలో తెలిసిన పని

ఎనిమిదో తరగతి పిల్లలు సిగరెట్టు, గంజాయి వైపు పోకుండా ఏదైనా చేయమని అడిగితే మనమంతా పిల్లలతోనే మొదలుపెడతాం. బడికి పోలీసు అధికారిని పిలుస్తాం, పాడైపోయిన ఊపిరితిత్తుల బొమ్మలు చూపిస్తాం, ప్రతిజ్ఞ చేయిస్తాం, ప్లకార్డులు చేతికిచ్చి ఎండలో ర్యాలీ తీయిస్తాం. అమెరికాలోని మయామీ విశ్వవిద్యాలయంలో, స్పానిష్ మాట్లాడే వలస కుటుంబాల కోసం తయారైన ‘ఫమీలియాస్ ఉనీదాస్’ మాత్రం ఇంకోచోట మొదలుపెట్టింది. ఏకమైన కుటుంబాలు అని ఆ పేరుకు అర్థం. దాని ఒక రూపంలో రెండేసి గంటల సమావేశాలు ఎనిమిది, గంటసేపు సాగే కుటుంబ భేటీలు నాలుగు. ఎనిమిది సమావేశాలకూ వచ్చేది తల్లిదండ్రులే. అంటే మొత్తం ఇరవై గంటల పనిలో పిల్లవాడు ఎదురుగా కూర్చునేది నాలుగు గంటలే. పిల్లవాడి కోసం తయారైన పనిముట్టు పిల్లవాడిని ఇంత తక్కువగా తాకడం నాకు మొదట వింతగా అనిపించింది. భాగాలు విప్పి చూస్తే ఒక్కొక్కటీ ఎందుకు అక్కడ ఉందో తెలుస్తుంది.

రంగారెడ్డి జిల్లాలో చేవెళ్ల, మొయినాబాద్ వైపు తిరిగే వాళ్లకు ఈ పనిముట్టు మీద ఆసక్తి కలగడానికి కారణం ఉంది. బీజాపూర్ రోడ్డు వెంట ఒక తరం వ్యవధిలోనే బతుకు మారిపోయింది. కూరగాయలు, పూలు పండించిన పొలాల పక్కన ఫాంహౌస్‌లు లేచాయి, చిలుకూరు దారిలో ఇంజనీరింగ్ కాలేజీలు వచ్చాయి. జంట జలాశయాల పరీవాహక ప్రాంతంలో కట్టడాలను కట్టడి చేసిన 1996 నాటి 111 జీవో గురించి ఇక్కడ చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు. నాయిన తెలుగు మీడియంలో ఐదో తరగతి, కొడుకు ఇంగ్లిష్ మీడియం. బ్యాంకు మెసేజీ చదివేది కొడుకే, ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపేదీ, ఓటీపీ చెప్పేదీ వాడే. ఇంటి పెద్ద ఎవరన్న ప్రశ్నకు రేషన్ కార్డు ఒక జవాబు చెబుతుంది, సెల్‌ఫోను ఇంకో జవాబు చెబుతుంది.

మయామీలో పనివాళ్లు చేయి వేసిన కీలు సరిగ్గా ఇదే. క్యూబాలో పుట్టి అమెరికా చేరిన మానసిక శాస్త్రవేత్త హోసే సాపోజ్నిక్, ఆయన సహచరులు 1970ల నుంచి అక్కడి శరణార్థి కుటుంబాలను గమనిస్తూ వచ్చారు. కొత్త దేశంలో పిల్లలు నెలల్లో ఇంగ్లిష్ పట్టేస్తారు, పెద్దలకు ఏళ్లు పడుతుంది. ఆసుపత్రిలో, ఆఫీసులో, చివరికి తన బడిలో తన మీద వచ్చిన ఫిర్యాదు విషయంలో కూడా దుబాసీ ఆ పిల్లవాడే. టీచరు ఏమన్నదో అమ్మకు వాడే చెప్పాలి! తమ పట్టు జారుతోందని తెలిసిన తల్లిదండ్రులు ఇంకా గట్టిగా బిగిస్తారు, పిల్లవాడు ఇంకా దూరం గుంజుకుంటాడు. మామూలుగా ప్రతి ఇంట్లో ఉండే తరాల ఎడం మీద భాషల ఎడం ఒకటి వచ్చి కూర్చుంటుంది. మత్తు పదార్థాలు ఆ ఖాళీలోంచి లోపలికి వస్తాయి. అందుకే ఖాళీని పూడ్చే పని పెట్టుకున్నారు. హిల్డా పాంటిన్, గియెర్మో ప్రాదో ఈ ఆలోచనను ఫమీలియాస్ ఉనీదాస్‌గా మలచి, పరీక్షల మీద పరీక్షలు పెట్టి నిలబెట్టారు.

మొదటి భాగం అసలు రప్పించడం. ఇలాంటి కార్యక్రమాలు చాలావరకు ఇక్కడే చచ్చిపోతాయి. కరపత్రం పంచి, ఇరవై మంది వస్తారనుకుంటే ముగ్గురొస్తారు. ‘ఈ జనానికి శ్రద్ధ లేదు’ అని రాసుకుని నిర్వాహకులు వెళ్లిపోతారు. సాపోజ్నిక్ బృందం, తల్లిదండ్రులు రాకపోవడాన్ని కూడా కుటుంబం పనిచేసే తీరులో ఒక భాగంగా చూసింది. మొదటి ఫోన్ కాల్‌లోనే పని మొదలవుతుంది. ఫోను చేసింది తల్లి అయితే, రానంటున్నది ఎవరు, ఎందుకు అని కనుక్కుంటారు. కొన్ని ఇళ్లలో పిల్లవాడి మాటే చెల్లుతుంది, అప్పుడు నేరుగా వాడి దగ్గరికే వెళ్లాలి. కొన్ని ఇళ్లలో తండ్రి అన్నిటికీ దూరంగా ఉంటాడు; ఆయనను రమ్మని తల్లితో చెప్పిస్తే రాడు, సలహాదారు తానే ఆయనతో మాట్లాడి ఆయనకు కావలసిందేమిటో వినాలి. ఇంకొన్నిచోట్ల రమ్మంటున్న తల్లికే లోపల సంకోచం ఉంటుంది. 1988లో 108 హిస్పానిక్ కుటుంబాలతో చేసిన అధ్యయనం ప్రచురితమైంది. ఇలా ప్రత్యేకంగా రప్పించిన వారిలో 93 శాతం కుటుంబాలు చేరితే, మామూలు పద్ధతిలో పిలిచిన వారిలో 42 శాతమే చేరాయి. ‘శ్రద్ధ లేదు’ అన్న మాటను తీసి పక్కన పెట్టడానికి ఈ రెండు అంకెలు చాలు.

రెండో భాగం సమావేశం. పదీ పన్నెండు ఇళ్ల పెద్దలు వలయంగా కూర్చుంటారు. నడిపేవారు స్పానిష్ వచ్చినవారు, ఆ సంస్కృతి తెలిసినవారు. ఇక్కడ బ్రెజిల్ విద్యావేత్త పాలో ఫ్రెయిరీ పద్ధతి పనికొచ్చింది. నడిపే మనిషి పాఠం చెప్పకూడదు, ప్రశ్న వేయాలి. వచ్చిన జవాబును వలయంలోకే తిప్పి పంపాలి. మన ఊరి మాటల్లో ఊహించుకుంటే ఇలా ఉంటుంది. ఒకమ్మ అంటుంది: ‘మావోడు మా మాట ఇనడు సార్. ఫోన్ల ఏం జూస్తడో మాకేం ఎరుక?’ ఇక్కడ సలహా ఇవ్వాలని ఎవరికైనా నాలుక దురద పెడుతుంది. శిక్షణ పొందిన మనిషి అది ఆపుకుని, ‘ఇంక ఎవరింట్లనన్న గిట్లనే అయితుందా అమ్మా?’ అని అడుగుతాడు. నాలుగు చేతులు లేస్తాయి. ఆ క్షణంలో ఒక ఇంటి సిగ్గు పది ఇళ్ల సమస్య అవుతుంది. మూల నుంచి ఇంకొకామె తాను ఏం చేసిందో చెప్పడం మొదలుపెడుతుంది. సార్ చెబితే ఒకవేళ మరచిపోవచ్చునేమో గాని, పక్కింటి మనిషి చెప్పిన ఉపాయం ఇంటిదాకా వస్తుంది. మొదటి సమావేశాల్లో జరిగేది చాలావరకు ఇదే: బోరింగులోంచి నీళ్లు రావాలంటే ముందు నాలుగు చెంబులు పోయాలి గదా, అలాంటి పని. పని జరగనట్టే కనిపిస్తుంది.

ఆ తర్వాత పిల్లవాడు బతికే చోట్లను విడదీసి చూపిస్తారు: ఇల్లు, బడి, స్నేహితులు. మనిషి ఎదుగుదలను అతని చుట్టూ ఉన్న వలయాలతో కలిపి చూడాలన్న యూరీ బ్రాన్ఫెన్‌బ్రెన్నర్ ఆలోచన దీని పునాది. ప్రతి చోటికీ ఒక పని ఉంటుంది. ఇంట్లో తిట్టకుండా మాట్లాడడం, మంచి పనిని గుర్తించి చెప్పడం, హద్దు పెట్టి దాని మీద నిలబడడం. బడిలో కౌన్సెలర్‌ను వెళ్లి కలవడం, దానికి ముందు ఏం అడగాలో సమావేశంలోనే రిహార్సల్ చేసుకోవడం. ఒకరు టీచరుగా, ఒకరు తల్లిగా నటిస్తారు, మిగతావాళ్లు చూసి మాట కలుపుతారు. ఇంగ్లిష్ రాని తల్లి కొడుకును వెంటబెట్టుకోకుండా బడి గేటు దాటడానికి ఆ నటన ధైర్యమిస్తుంది. మూడోది స్నేహితులు. నాకు అన్నిటికంటే ముచ్చటగొలిపిన అమరిక ఇక్కడుంది. పిల్లవాడి స్నేహితుల తల్లిదండ్రులతో పరిచయం పెంచుకోండి అని ఎవరైనా సలహా ఇవ్వగలరు. ఈ పద్ధతిలో వలయంలో కూర్చున్నవాళ్లే ఒకే బడి పిల్లల తల్లిదండ్రులు. సలహా అమలు కావడానికి వేరే చోటికి పోనక్కర లేదు. ‘మీవాడు మా ఇంట్లో ఉన్నాడు, భయం లేదు’ అని రేపు రాత్రి ఫోన్ చేయగల మనిషి పక్క కుర్చీలోనే ఉంది. అన్ని సమావేశాలూ ముగిసి నడిపేవాళ్లు వెళ్లిపోయాక కూడా ఆ ఫోన్ నంబర్లు మిగులుతాయి.

సమావేశాల మధ్య మధ్యలో కుటుంబ భేటీలు వస్తాయి. వరుస కీలకం. తల్లి ముందు సమావేశంలో సాధన చేసిన మాటనే భేటీలో పిల్లవాడితో మాట్లాడుతుంది. నడిపే మనిషి కూడా అక్కడే ఉంటాడు, కానీ సంభాషణ నడిపేది తల్లి, లేదా తండ్రి. పిల్లవాడు బయటి మనిషి వైపు తిరిగి ఫిర్యాదు చేస్తే, ‘అమ్మకు చెప్పు’ అని మాటను వెనక్కి మళ్లించడం అతని పని. చూడడానికి ఏమీ చేయని మనిషిలా ఉంటాడు. తీర్పు తాను చెప్పేస్తే ఆ ఇంట్లో ఇంకో దుబాసీ తయారైనట్టే. తల్లి మళ్లీ పక్కకు జరిగిపోతుంది. ఈ నిగ్రహం నేర్పడానికే శిక్షణలో ఎక్కువ భాగం పోతుందని అనుకుంటాను. సాల్వడార్ మినూచిన్ కుటుంబ చికిత్సా పద్ధతి నుంచి వచ్చిన మెళకువ ఇది: ఇంటి వాళ్లు సమస్య గురించి చెబుతుంటే వినడం కాక, అది జరిగే తీరును ఎదుట నడిపించి, అక్కడికక్కడే కాస్త జరపడం.

ఇంత చేసినా, ఫలితం ఈ అమరిక వల్లే వచ్చిందని ఎలా తెలుస్తుంది? వారానికోసారి ఎవరో ఆప్యాయంగా పలకరించినా తల్లిదండ్రులు మారతారేమో. 2007లో ప్రచురితమైన పరీక్ష రచన ఈ అనుమానం చుట్టూ అల్లిందే. 266 మంది ఎనిమిదో తరగతి పిల్లలను, వాళ్ల తల్లిదండ్రులను చీటీ వేసినట్టు మూడు వర్గాలు చేశారు. ఒక వర్గానికి ఫమీలియాస్ ఉనీదాస్, దానితోపాటు లైంగిక ఆరోగ్యం, హెచ్‌ఐవీ గురించి పిల్లలతో మాట్లాడడం నేర్పే ఇంకో పాఠ్యక్రమం. రెండో వర్గానికి అదే హెచ్‌ఐవీ పాఠ్యక్రమం, ఫమీలియాస్ ఉనీదాస్ స్థానంలో ఇంగ్లిష్ తరగతులు. మూడో వర్గానికి ఇంగ్లిష్ తరగతులు, గుండె ఆరోగ్యం పాఠాలు. పోలిక కోసం ఇంగ్లిష్ తరగతులను ఎంచుకోవడం చూడండి. వలస తల్లిదండ్రులకు నిజంగా పనికొచ్చేది అదే కనుక ఎవరినీ ఉత్త చేతులతో పంపినట్టు కాదు. మనుషులు, పలకరింపు, కేటాయించిన సమయం అన్ని వర్గాలకూ దక్కుతాయి. పైగా భాష ఒక్కటి నేర్పితే చాలదా అన్న ప్రశ్న కూడా పరీక్షకు నిలబడుతుంది.

మూడేళ్లు వెంట నడిచి చూశారు. సిగరెట్టు విషయంలో మొదటి వర్గం మిగతా రెండింటికంటే మెరుగు. మత్తు మందుల విషయంలో గుండె పాఠాల వర్గం కంటే మెరుగు. సురక్షితం కాని లైంగిక ప్రవర్తన విషయంలో, హెచ్‌ఐవీ పాఠంతో ఇంగ్లిష్ నేర్చుకున్న వర్గం కంటే మెరుగు. ప్రతి గడిలోనూ గెలుపు లేదు, గెలిచామని వాళ్లు రాసుకోనూ లేదు. ఈ మెరుగులో కొంత భాగం కుటుంబం పనితీరు బాగుపడడం గుండానే వచ్చిందని లెక్క తేల్చారు. కొంత భాగమే. ఆ ‘కొంత’ రాసినవాళ్ల మీద నాకు నమ్మకం కుదిరింది.

మన రంగారెడ్డి జిల్లాలో ఇదే కీలు మీద ఇంకో చేయి పడింది, ఇంకో సమస్య కోసం. చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్య పేరుతో ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్ శాంతా సిన్హా నాయకత్వంలో 1991లో ఇక్కడి పల్లెల్లో బాలకార్మికులను బడికి చేర్చడం మొదలుపెట్టింది. అప్పట్లో అందరి నోటా ఒకటే మాట: బీద తల్లిదండ్రులకు చదువు అక్కర లేదు, పిల్లల కూలి కావాలి. ఆ సంస్థ ఇల్లిల్లూ తిరిగి అడిగి, బీదవాళ్లు పిల్లలను చదివించాలనే అనుకుంటారన్న చోటు నుంచి లెక్క మొదలుపెట్టింది. అడ్డం వచ్చేది బడి గుమ్మం: నింపలేని ఫారం, తేలని పుట్టిన తేదీ, పదేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెట్టే సిగ్గు. అందుకే కార్యకర్త తల్లి వెంట బడికి వెళ్లేవాడు. ఆగిపోయిన చదువు అందుకోవడానికి బ్రిడ్జి కోర్సు శిబిరాలు వెలిశాయి, అక్కడి నుంచి పిల్లలు వయసుకు తగిన తరగతిలో చేరారు. పిల్లలను పనిలోంచి వదిలిన యజమానులను దోషులుగా నిలబెట్టడం మాని సభల్లో సన్మానించారు కూడా. కొందరికి ఇది మింగుడు పడలేదు గానీ, ఊళ్లో రేపు కూడా బతకాల్సిన తల్లిదండ్రులకు అది ఎంత అండో ఊళ్లో ఉన్నవాళ్లకు తెలుసు. శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. మయామీ వాళ్లకూ ఈమెకూ పరిచయం ఉందని కాదు. తల్లిదండ్రులు సమర్థులని నమ్మి, వాళ్లకూ బడికీ నడుమ తెగిన దారిని కట్టడం మాత్రం రెండుచోట్లా ఒకటే.

ఇక మయామీ అచ్చును చేవెళ్లకు తెస్తే ఎక్కడ చెక్కాలి? మత్తు సంగతి ముందు. అక్కడ భయం వీధిలోంచి వస్తుంది. ఇక్కడ కల్లు కాంపౌండ్ ఊరి మర్యాదలో భాగం. పండగకూ పబ్బానికీ తాగే చెట్టుకల్లు వేరు, ఆల్ప్రాజోలం, డైజిపాం కలిపి అమ్మే మందుకల్లు వేరు. ఈ తేడా తండ్రులే తమ నోటితో చెప్పే సమావేశం ఒకటి కావాలి. తాగే తండ్రిని వలయంలో ఎలా కూర్చోబెట్టాలన్నది స్పానిష్ పుస్తకంలోంచి నేరుగా దించుకునేది కాదు. మైనర్‌కు మత్తు పదార్థం ఇచ్చినా, ఇప్పించినా ఏడేళ్ల దాకా జైలని 2015 బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ చెబుతుంది. కొడుకును సీసా తెమ్మని పంపే ఇళ్లలో ఈ సెక్షన్ చదివితే సమావేశం అక్కడితో ముగుస్తుంది. ‘మీ నాయిన మిమ్మల్ని దేనికి పంపేవాడు?’ అని అడిగితే మొదలవుతుంది. తర్వాత నానమ్మ. మన ఇళ్లలో హద్దు పెట్టేది ఒకరు, చాటుగా పది రూపాయలు ఇచ్చేది ఇంకొకరు. కుర్చీలు లెక్కపెట్టేటప్పుడు ఆమెకూ ఒకటి వేయాలి.

అన్నిటికంటే కష్టమైన ముక్క హాస్టల్. ఫమీలియాస్ ఉనీదాస్ మొత్తం పిల్లవాడు రాత్రికి ఇంటికొస్తాడన్న నమ్మకం మీద కట్టింది. ఇక్కడ ఎందరో పిల్లలు గురుకులాల్లో, కార్పొరేట్ ఇంటర్ కాలేజీల హాస్టళ్లలో పడుకుంటారు. వాళ్ల స్నేహితుల తల్లిదండ్రులు ఒకరు వికారాబాద్‌లో, ఒకరు నారాయణపేటలో ఉంటారు. భేటీ జరగగలిగేది తల్లిదండ్రులు టిఫిన్ డబ్బాలతో వచ్చి చెట్ల కింద కూర్చునే ఆదివారాల్లోనే. ఆ రోజున ఒకే గదికి చెందిన పిల్లల పెద్దలంతా ఎలాగూ అక్కడే ఉంటారు. దుప్పట్లు పరిచి, ఎవరి చెట్టు కింద వాళ్లు.