‘నిర్దోషి’ అనే మాట: చుండూరు తీర్పుపై స్పందన – ఒక పరిశీలన

పెన్నా డెల్టాలోని విడవలూరు పాఠకునికి కృష్ణా డెల్టాలోని చుండూరును ప్రత్యేకంగా పరిచయం చేయనక్కరలేదు. వరిచేలు, కాలువగట్లు, ఊరికి ఎడంగా దళితవాడ రెండుచోట్లా ఉన్నవే. వివరణ కావలసింది ‘నిర్దోషి’ అనే మాటకు.

1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితులు హత్యకు గురయ్యారు. బాధితుల పట్టుదల వల్ల ఆ ఊళ్ళోనే ఏర్పాటైన ప్రత్యేక న్యాయస్థానం 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది జైలుశిక్ష విధించింది. 2014 ఏప్రిల్ 22న ఉన్నత న్యాయస్థానం ఆ శిక్షలన్నిటినీ రద్దు చేసింది. ఎన్నికల ప్రచారం, రాష్ట్ర విభజన హోరులోనూ దళిత, హక్కుల సంఘాల నిరసన వినిపించింది. ఆ నిరసనకు కేంద్రమైన ప్రశ్న ఒక్కటే: అయితే ఆ ఎనిమిదిమందిని చంపిందెవరు?

ప్రశ్న న్యాయమైనదే. కాని అది తీర్పు కంటే ముందు తెలుగు పదంతోనే తలపడింది. ‘నిర్దోషి’ అంటే దోషం లేనివాడు. ప్రాసిక్యూషన్ నేరాన్ని రుజువు చేయలేకపోయిందన్నంతవరకే తీర్పు సారం. పత్రికాభాష ఈ రెంటినీ ఒకటి చేసింది; స్పందించినవారిలో చాలామంది ఆ భాషనే స్వీకరించి కోపగించారు. దానివల్ల నష్టపోయింది నిరసనే. హత్యలు జరగలేదని న్యాయస్థానం అనలేదు. ఎవరు, ఎక్కడ, ఏ వేళకు అన్న సాక్ష్యం నిలవలేదన్నది. విమర్శ పట్టుకోవలసిన కొస అక్కడే ఉంది.

దళిత కవిత్వం ఈ కొసను పట్టుకోవడానికి సిద్ధంగా లేదనిపిస్తుంది. కారంచేడు, చుండూరుల తరువాత ‘చిక్కనవుతున్న పాట’ (1995) వంటి సంకలనాల కాలంలో హత్యను, అవమానాన్ని, ప్రతిఘటనను చెప్పగల పదజాలం బలంగా రూపొందింది. కొట్టివేతను చెప్పే పదజాలం రూపొందలేదు. 2014ను 1991 మాటలతోనే చదవవలసి వచ్చింది. తమిళనాట కీళ్‌వెణ్మణి ఇందుకు పోల్చదగినది. 1968లో 44 మంది సజీవదహనమైన ఆ కేసులో ప్రధాన నిందితుడైన భూస్వామిని మద్రాసు ఉన్నత న్యాయస్థానం విడిచిపెట్టింది. ఆ ఘటనపై ఇందిరా పార్థసారథి రాసిన ‘కురుదిప్పునల్’ నవల భూస్వామి క్రౌర్యాన్ని అతని వ్యక్తిగత లోపానికి ముడిపెట్టిందనే విమర్శ ఎదుర్కొంది. తెలుగు కవిత ఆ పొరపాటు చేయలేదు. కులాన్ని కులంగానే చెప్పింది. ఇది చిన్న విషయం కాదు.

అయితే సాక్షి ఆ కవితలోకి రాలేదు. ప్రాణభయంతో ఊరు విడిచి పరుగెత్తినవారి వాంగ్మూలాలు ఆలస్యమయ్యాయి. ఆ ఆలస్యం న్యాయస్థానంలో సందేహానికి ఆధారమైంది. ఆ ఆలస్యం కూడా హింసలో భాగమేనని వాదించడానికి అవకాశం ఉంది. తరిమినవేళ గడియారం చూసుకోని మనిషి, పదమూడేళ్ళకు పైగా గడిచాక, నిందితులు తిరుగుతున్న ఊళ్ళోనే బోనెక్కి, ఎవరు ఎవరిని ఎన్ని గంటలకు కొట్టారో చెప్పవలసి వచ్చింది.