గోడ కవతలి ప్రశ్న

మంగళవారము సాయంకాలము, పాశమైలారపు కంపెనీ బస్సులు మొదటి షిఫ్టువారిని దించి వెడలిపోయి మా ఇంద్రేశము వీధి కొంత సద్దుమణిగిన వేళ, పొరుగింటి అక్క రెండు రెబ్బల కరివేపాకు కొరకు మా పెరటిలోనికి వచ్చి, తెరచియున్న తలుపులోనుండి నా భార్య చేతిలోని జపమాలను చూచి, కోసిన రెబ్బలు చేతనే యుంచుకొని కొంతసేపు నిలిచి, నా వంక తిరిగి అడిగినది: “ఏంది సారూ, మీరు ఏసు దేవుణ్ణి మొక్కుతరా? పదకొండేండ్ల సంది పక్కపక్కనే ఉంటున్నం. ఒక్కనాడన్న చెప్పకపోతిరి!”

“ఆ, అది మా ఇంటి ఆచారం అక్కా” అంటిని. అని, వెంటనే ఈ యేటి వానలను గూర్చి మాట మార్చితిని. ఆమె మర్యాదస్థురాలు గనుక వానలను గూర్చియే రెండు మాటలాడి వెళ్లిపోయినది. ఆమె ప్రశ్నలో నింద లేదు. ఇంట పెండ్లి జరిగినను పిలుపు రాని పొరుగువారికి కలుగు నొచ్చుకోలు మాత్రమే యుండినది. అదియే నన్ను ఈ వారమంతయు నిదురపోనీయలేదు.

ఈ శీర్షికను చిరకాలముగ చదువుచున్నవారికి నా పట్టుదల తెలియును. విశ్వాసమును మైకులో పెట్టి ఊరంతటికి వినిపించుట, ప్రహరీగోడల మీద వ్రాయుట, పటాన్‌చెరు బస్టాండులో తొందరపడుచున్నవాని చేతిలో కరపత్రము కుక్కుట నాకు గిట్టవని ఎన్నిమారులు వ్రాసితినో లెక్కలేదు. కతోలికుల పద్ధతి వేరనియు, మా విశ్వాసము బడిగను, ఆసుపత్రిగను, చావింటికి ముందుగ వచ్చిన మనిషిగను కనబడునే గాని చెవులలో మ్రోగదనియు గర్వముతో వ్రాసితిని. 1926లో పదునొకండవ పయస్ పోపుగారు ఏర్పరచిన మిషన్ ఆదివారము అక్టోబరులో వచ్చినప్పుడెల్ల, ఆయనయే మరుసటి యేట చిన్న తెరేజమ్మను ఫ్రాన్సిస్ శౌరివారితో సమముగ వేదప్రచారమునకు పాలక పునీతగ ప్రకటించిన సంగతిని మీకు గుర్తుచేయుచుంటిని. సముద్రములు దాటి జపాను వరకు పోయిన శౌరివారు ఒకవైపు; 15వ యేట లిసియూ పట్టణపు కార్మెల్ మఠములో ప్రవేశించి, 24 ఏండ్ల ప్రాయమున 1897లో అచ్చటనే కన్నుమూసిన కన్య మరియొకవైపు. మఠము గడప దాటని ఆమె వేదప్రచారమునకు పాలకురాలు కాగా, పొరుగింటి తలుపు తట్టకుండుటలో నా లోపమేమున్నదని నా వాదము.

ఆ వాదమునకు శాస్త్రబలమును కలదు. రెండవ వాటికన్ మహాసభ 1965 డిసెంబరు 7వ తేదీన, ఒకే దినమున వెలువరించిన పత్రములలో రెండు ఇచ్చట చెప్పదగినవి. శ్రీసభ స్వభావముచేతనే వేదప్రచారకురాలని ఒకటి పలికినది. మతవిషయమున ఏ మనుష్యునిపైనను బలవంతము కూడదని రెండవది శాసించినది. మొదటిది సైతము ఒత్తిడిని, ఆశచూపుటను, అనుచితమైన మార్గములను గట్టిగ నిషేధించినది. మన రాజ్యాంగపు 25వ అధికరణము మతమును అవలంబించుటకును, ఆచరించుటకును, ప్రచారము చేయుటకును స్వేచ్ఛనిచ్చుచున్నది. స్టానిస్లాస్ అను కతోలిక గురువుగారి వ్యాజ్యములో 1977లో సుప్రీము కోర్టు, ప్రచారము చేయు హక్కు వేరనియు, ఒకని మతము మార్చు హక్కు ఎవరికిని లేదనియు తీర్పు చెప్పినది. ఆ తీర్పు మావారిలో పలువురను నొప్పించినది. నేను మాత్రము, హృదయమును మరల్చుట దేవుని వరప్రసాదపు పనియే గాని మన పని కాదని మా జ్ఞానోపదేశమే నేర్పుచుండగా, ఆ భేదము మనకు కొత్తది కాదని వాదించుచు వచ్చితిని. నేటికిని అట్లే తలచుచున్నాను. కాని హక్కులేమి వేరు, మాటలేమి వేరు.

ఈ మాట వ్రాయుచుండగా మా ఊరి ఉపదేశి తాత కన్నుల ముందు నిలిచినాడు.

మాది ఫిరంగిపురమునకు కొన్ని క్రోసుల దూరములోనున్న మెట్ట గ్రామము. 1960 ప్రాంతమున విచారణ గురువుగారు నెలకొకమారు వచ్చి పూజబలి సమర్పించి పోవుచుండిరి. తక్కిన దినములన్నియు గుడికి దిక్కు ఉపదేశి తాతయే. ఆయన భుజమున ఎల్లప్పుడు ఒక ఖాకీ గుడ్డసంచి వ్రేలాడుచుండెడిది. అందులో తీర్థజలపు సీసా, చేతిగంట, అట్ట చినిగిన జ్ఞానోపదేశపు పుస్తకము, రెండు మూడు పోస్టుకార్డులు, ఒక కాపీయింగు పెన్సిలు. ఊరిలో ఎవరికి ఉత్తరము వ్రాయవలసినను, కతోలికులైనను కాకున్నను, ఆయనయొద్దకే వచ్చెడివారు; పెన్సిలు మొనను నాలుకతో తడిపి తడిపి వ్రాయుటచేత ఆయన పెదవి సాయంకాలమునకు ఊదారంగుగ మారియుండెడిది. ఎవరింట పురుడు, ఎవరికి జ్వరము, ఎవరి మిరపచేను ఎండుచున్నది, అన్నియు ఆయనకు తెలియును. చీకటి పడగనే గుడి ముందర నులకమంచము వాల్చుకొని, లాంతరు పెట్టుకొని కూర్చుండెడివాడు. వచ్చినవారితో తనంతట తాను దేవుని మాట ఎత్తుట నేనెన్నడు వినలేదు.

ఎవరైన అడిగినచో మాత్రము చెప్పెడివాడు. ఒక ప్రశ్నకు ఒక జవాబు. దానికి మించి ఒక్క మాట లేదు. ఆపై లాంతరు వత్తి తగ్గించి, “మిగతాది రేపు” అని లేచెడివాడు. ఇంత పొదుపేలనని చిన్నతనపు చనువుతో నేనడిగితిని. “విస్తరి ముందునుంచి కొంచెం ఆకలితో లేవాలిరా అబ్బాయీ. అప్పుడే మళ్ళీ కూర్చోబుద్ధవుతుంది” అని చెప్పినాడు.

భార్యను పోగొట్టుకొనిన ఒక రైతు ఆ మంచపుకోడు ప్రక్కన నేలపై నెలల తరబడి కూర్చుండి, తుదకు తనకు జ్ఞానస్నానము ఇప్పించుమని వేడుకొనినాడు. ఊరిలో మరియొకరైనచో గురువుగారికి ఆ పూటయే కబురంపియుందురు. తాత ఆ రైతు ముఖము వంక చూచి, “ముందు ఆ హద్దురాయి సంగతి తేల్చుకొని రావయ్యా” అన్నాడు. తమ్ముని చేనివైపునకు ఆ రైతు ఒక రాత్రి మూడడుగులు జరిపిన రాయి అది. ఊరందరకు తెలిసినను ఎవరును ఎత్తని మాట. రైతు కోపముతో లేచిపోయి ఆరు నెలలు గుడివైపు రాలేదు. ఆ పిమ్మట రాయి వెనుకకు జరిగినది. ఆపైనను రెండు తపస్కాలములు వేచియుండవలసి వచ్చినది. పాస్కా జాగరణ రాత్రి గురువుగారు ఆయన తలపై నీరు పోయుచుండగా లాంతరు పట్టుకొనినది ఉపదేశి తాత. తుడుచుకొనుటకు కొత్త పంచె పట్టుకొని నిలిచినది ఆ తమ్ముడు. తమ్ముడు తన దేవుళ్లను విడువలేదు, విడువుమని ఎవరును అడుగలేదు. పసుపు అంచున్న ఆ పంచె నాకు నేటికిని కనబడుచున్నది.

అరువది యేండ్లుగ నేను ఈ తాత మౌనమును ఆదర్శముగ చెప్పుకొనుచు వచ్చితిని. ఆయన మౌనములో సగము మాత్రమే నాకు వంటబట్టినదని మంగళవారము రాత్రి తెలిసినది. అడుగువాడు వచ్చుటకై ఆయన ప్రతి సాయంకాలము మంచము వాల్చి, దీపము పెట్టి, కనబడునట్లు కూర్చుండెడివాడు. అడిగినప్పుడు జవాబు చెప్పకుండ ఒక్కనిని పంపలేదు. నేను మంచము వాల్చలేదు, దీపము పెట్టలేదు; ప్రశ్న తానే పెరటిలోనికి నడచివచ్చినప్పుడు వానల వెనుక దాగితిని.

తెలుగునేలపై మా విశ్వాసము నిలిచినది ఇట్టి పేరులేని ఉపదేశుల వలననే. 18వ శతాబ్దిలో కృష్ణాపురము మొదలగు చోట్ల కాషాయములు ధరించి సన్న్యాసులవలె జీవించిన యేసుసభ గురువులు మన భాషను, సంస్కృతమును ఎంత శ్రద్ధతో నేర్చిరనగా, వారిలో కేర్దూ అనువారు 1767లోనే సంస్కృతమునకును లాటిను గ్రీకులకును గల బంధుత్వమును గూర్చి పారిసులోని పండితులకు వ్రాసిరి. ఆ కాలముననే మంగళగిరి ఆనందకవి క్రీస్తు చరిత్రను ‘వేదాంత రసాయనము’ అను తెలుగు కావ్యముగ రచించినాడు. 1773లో యేసుసభ రద్దయి గురువులు అరుదైన దినములలో జపమాలను, ప్రార్థనలను నిలిపినవారు ఉపదేశులును గృహస్థులును. వీరెవ్వరును మాట అక్కరలేదని అనుకొనలేదు. జవాబు చెప్పగలుగుటకే పరదేశీయులు జీవితమంతయు వ్యాకరణముతో పెనుగులాడిరి. ఆ తెలుగు తల్లిపాలతో వచ్చిన నేను ఒక పూర్తి వాక్యము చెప్పలేకపోతిని.

గురువారము నాడు మరియొకటి చూచితిని. మా వీధి చివర లైన్ రూములలో జార్ఖండ్ నుండి వచ్చిన కుర్రవాండ్రు ఏడెనిమిదిమంది కాపురముందురు. అక్టోబరు జపమాల మాసము గనుక, పగటి షిఫ్టు ముగిసిన పిమ్మట రేకుల వసారాలో కూర్చుండి హిందీలో జపమాల చెప్పుకొందురు. అద్దె వసూలుకు వచ్చిన ఇంటియజమాని ముగియువరకు నిలిచి, మీకు ఈ దేవుడెట్లు వచ్చినాడని అడిగినాడు. వారిలో చిన్నవాడు, కాళ్లకు ఇంకను సేఫ్టీబూట్లతోనే, వచ్చీరాని తెలుగులో చెప్పినాడు: “మా తాతకి తాత, భూమి పోయింది. ఒక ఫాదర్ కోర్టుకి వచ్చిండు మాతోని. ఎందుకు వచ్చినవ్ అంటే ఏసు పేరు చెప్పిండు. అందుకే.” యజమాని తల యూపి, అద్దె లెక్కపెట్టుకొని వెళ్లినాడు.

ఆ ఫాదరు కాన్‌స్టంట్ లీవెన్స్ కావచ్చును, లేక ఆయన వెంట పనిచేసిన మరియొకరు కావచ్చును. బెల్జియము నుండి వచ్చిన యేసుసభ గురువు లీవెన్సు 1885లో ఛోటానాగపురము చేరి, ముండాల, ఉరావుల భూమి తగాదాలలో కోర్టుల చుట్టు తిరిగి, కొద్ది యేండ్లలోనే క్షయతో క్షీణించి 1893లో స్వదేశమున మరణించినాడు. సహాయమును సువార్తను ఒకే చేతిలో పట్టుకొనరాదని గట్టిగ నమ్మినవాడను నేను; మన ఉమ్మడి మెదకు జిల్లాలోనే, 1924లో ప్రతిష్ఠ జరిగిన ఆ ప్రొటెస్టెంటు మహాదేవాలయమును గూర్చి, కరవులో పని కల్పించి జనమునకు అన్నము పెట్టిరని మెచ్చుకొనువారును, దానినే ఎరయని నిందించువారును కలరు. ఆశచూపుట తప్పని ఇప్పుడును చెప్పుదును. కాని ఆ కుర్రవాని మాటలోని వరుసను గమనింపుడు: ముందు కోర్టుకు వచ్చుట, పిదప “ఎందుకు వచ్చినవ్” అను ప్రశ్న, ఆ పిదపనే పేరు. పేరు దాచియున్నచో అడిగినవానిని మోసగించినట్లే యగును.

నా మాట పెగలకపోవుటకు కారణము వినయము కాదు. రెండవ ప్రశ్నకు భయపడితిని. “మీ దాంట్ల కులాలు లేవంట గదా?” అని అక్క అడిగినచో ఏమి చెప్పుదును? నేనెరిగిన ఊళ్లలో సమాధులతోటలోనే గోడలున్నవి. 2022లో పూల ఆంథోనిగారు కార్డినలైన నాడు, తెలుగువారిలో తొలి కార్డినలు, దళితులలో తొలి కార్డినలు అని మిఠాయి పంచుకొంటిమి; ఆ గోడలను మాత్రము కదల్పలేదు. ఆ రైతు చేత హద్దురాయి జరిపించిన తాతను తలచుకొని ఈ వాక్యమును వ్రాయుచున్నాను.

మరియొక సంగతి. నాలుగేండ్ల క్రిందట అక్క పెద్దకొడుకు ముంబై రహదారిమీద ప్రమాదములో పోయినప్పుడు మేమిద్దరము వారింట పదునొకండు దినములు మెలగితిమి. నీళ్లు మోసితిమి, వచ్చినవారికి వండి పెట్టితిమి. ఆమె రాత్రులు గోడనానుకొని కూర్చుండి ఏడ్చుచుండ, ఇవతలి గోడప్రక్కన నా భార్య జపమాల త్రిప్పుచుండెను. ఎవరి కొరకో ఆమెకు చెప్పలేదు.

శనివారము నేనే వెళ్లితిని. అక్క వాకిట చేటలో బియ్యము ఏరుచున్నది. జేబులోని జపమాలను తీసి ఆమె చేతిలో పెట్టి, మొన్న సరిగ్గా చెప్పలేదని, అడిగినందుకు సంతోషమని అంటిని. ఆమె పూసలను వ్రేళ్లతో తడిమి, “ఇవి ఏం లెక్కవెడతరు?” అనినది. పదేసి పూసలకు ఒక ఘట్టమని, కొడుకు పుట్టుక మొదలు మరణము వరకు, ఆపైని లేచుట వరకు, అన్నియు ఆ తల్లి కన్నులతో చూచుటయని చెప్పితిని.

“కొడుకు సచ్చిపోయేటప్పుడు తల్లి ఆడ్నే ఉన్నదా?”

“ఉంది అక్కా. సిలువ దగ్గరే నిలబడి ఉంది. నీ కొడుకు పోయినప్పుడు మా ఇంట్లో ఆమెనే తలచుకొని నీ కోసం ఈ పూసలు తిప్పాము.”

చేట ఒడిలోనే యుండిపోయినది. చాలసేపటికి ఆమె జపమాలను చుట్టగ చుట్టి నా అరచేతిలో పెట్టి లేచినది.

“పొయ్యి మీద పాలున్నయి సారూ. మల్ల రేపు జెప్పుండ్రి.”